ఎలక్ట్రానిక్ గేర్లా, కేబుల్ గేర్లా: రోడ్ సైకిల్‌కు ఏవి ఎక్కువకాలం మన్నుతాయి?

తూర్పుగాలి
నమస్కారం. నా పాత సైకిల్ ఫ్రేము పగిలింది, కొత్తది కొనాలి. నచ్చిన ఫ్రేము రెండు రకాలుగా దొరుకుతోంది: షిమానో 105 శ్రేణిలో వెనక 12 పళ్లచక్రాలున్న (12 స్పీడు) కేబుల్ గేర్లతో ఒకటి, అదే 105లో డీఐ2 అనే ఎలక్ట్రానిక్ గేర్లతో ఒకటి. ధరలో తేడా భరించగలను. ఉండేది రాజమండ్రిలో. ఏటా 300, 600 కిలోమీటర్ల బ్రెవేలకు (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు) వెళ్తాను. పదేళ్లు వాడుకోవాలంటే ఏది నిలుస్తుంది? వేగం, బరువు, అందం గురించి అడగడం లేదు. మన్నిక ఒక్కటే చెప్పండి.

పాత_ఉక్కు
కేబుల్ తీసుకోండి. పదేళ్ల లెక్క అడిగారు కాబట్టి గతంలో ఏం జరిగిందో చూడండి. షిమానోలో అన్నిటికంటే పై శ్రేణి డ్యూరా-ఏస్. అందులో మొదటి డీఐ2, అంటే 7970, 2009లో బజారులోకి వచ్చింది. 2011లో దాని కింది శ్రేణి అల్టెగ్రాలో డీఐ2 వచ్చేసరికి వైరింగే మారిపోయింది. కొత్త వైరు పాత డిరైలర్‌కు (చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదాని మీదికి మార్చే భాగం) పట్టదు. అంత డబ్బు పోసి కొన్నవాళ్లు ఒక్క వైరు పాడైతే పాత సామాను ఎవరి దగ్గర మిగిలి ఉందా అని వెతుక్కోవాల్సి వచ్చింది. షిమానోకు పోటీ కంపెనీ స్రామ్ కూడా అంతే. దాని ఎలక్ట్రానిక్ గేర్లలో 2015 నాటి 11 స్పీడు ఈట్యాప్ లివరుకు (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట), 2019లో వచ్చిన 12 స్పీడు ఏఎక్స్‌ఎస్ డిరైలర్‌కు పొసగదు. కేబుల్ అంటే 1.2 మిల్లీమీటర్ల ఇనుప తీగ. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఏ తీగ వాడానో ఈ రోజూ అదే వాడుతున్నాను.

కొండదారి
తీగ మారలేదు, నిజమే. ఆ తీగ పోయే లివర్ మారింది, దాని గురించి ఎందుకు మాట్లాడరు? కేబుళ్లను హ్యాండిల్ టేపు కిందికి దాచినప్పటి నుంచి కుడి లివర్ లోపల తీగ బాగా వంగి తిరగాలి. ఆ మలుపు దగ్గర పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. 11 స్పీడు లివర్లలో ఇది అందరికీ తెలిసిన జబ్బు. మొదట గేరు ఆలస్యంగా పడుతుంది. ట్యూనింగ్ తప్పిందేమో అనుకుని స్క్రూ తిప్పుతాం. రెండు వారాలు బాగుంటుంది. తర్వాత ఒక రోజు టప్పున తెగుతుంది, తీగ తల లోపలే ఉండిపోతుంది.

నాకు ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా తెగింది. తీగ పట్టు పోగానే డిరైలర్ స్ప్రింగు చైనును అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి లాగేస్తుంది. 11 పళ్ల మీద ఆ ఘాట్ ఎక్కగలిగేవాళ్లుంటే ముందుకు రమ్మనండి. సైకిల్ తోసుకుంటూ నడిచాను. ఎలక్ట్రానిక్‌కు మారాక అలాంటి గతి మళ్లీ పట్టలేదు.

గట్టు_మీద_సైకిల్
చైను అరిగిపోయేదాకా నడిపి గేర్లను తిట్టేవాళ్లే ఎక్కువ. 12 స్పీడు చైను 0.5 శాతం సాగగానే మార్చేయండి. రెండు రకాలకూ ఇదే వర్తిస్తుంది.

పాత_ఉక్కు
కొండదారి గారూ, ఆ తీగను చివరిసారి ఎప్పుడు మార్చారు? ఏటా వర్షాకాలం ముగిశాక మార్చాలి, అందులో మీది సముద్రతీరం. తీగ ఖరీదు ఒక పూట భోజనం ఖర్చు కూడా ఉండదు. తెగినా దారి ఉంది. డిరైలర్ మీద ఉండే హై లిమిట్ స్క్రూను లోపలికి తిప్పితే చైను చిన్న చక్రం మీద కాకుండా దాని కంటే కాస్త పెద్ద చక్రం మీద నిలబడుతుంది. పెడళ్ల దగ్గరి రెండు పళ్లచక్రాలు ఎలాగూ పనిచేస్తాయి. ఇల్లు చేరవచ్చు. బ్యాటరీ అయిపోతే మీరు తిప్పడానికి ఏ స్క్రూ ఉంది?

కొండదారి
నా మాటకు జవాబు ఇవ్వకుండా బ్యాటరీ దగ్గరికి వెళ్లారు. సరే, బ్యాటరీ గురించే చెబుతాను. 12 స్పీడు డీఐ2 ఒక్క ఛార్జికి దాదాపు 1,000 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ లెక్క. 600 బ్రెవేకు గడువు 40 గంటలు. బయలుదేరే ముందు రాత్రి ఛార్జి చేస్తే దారిలో ఆ ఊసే ఉండదు. ఛార్జి తగ్గితే ముందు గేరు మొదట ఆగిపోతుంది, వెనక గేరు ఇంకా కొంతసేపు పనిచేస్తుంది. అది ముందుగా అందే హెచ్చరిక. మీ తీగ ఏ హెచ్చరిక ఇస్తుంది?

పాత_ఉక్కు
హెచ్చరిక ఇస్తుందని మీరే రాశారు. గేరు ఆలస్యంగా పడటం హెచ్చరిక కాక మరేమిటి? మీరు వినలేదు.

శివాలయం_వీధి
ఇద్దరూ ఎక్కువగా షిమానో గురించే మాట్లాడుతున్నారు. 2023 సెప్టెంబరులో ఆ కంపెనీయే 11 స్పీడు డ్యూరా-ఏస్, అల్టెగ్రా క్రాంకులను (పెడళ్లు బిగించే కడ్డీలు) తనిఖీకి తెమ్మని ప్రకటించింది. 2012 నుంచి 2019 మధ్య తయారైనవి. అంటించిన భాగాలు విడిపోతున్నాయని వేల ఫిర్యాదులు వచ్చాయి. గేర్లు ఏ రకమైనా పాదం కింద క్రాంకు విడిపోతే పళ్లు రాలతాయి. మన్నిక అంటే ముందు అది కదా?

పాత_ఉక్కు
క్రాంకులో బ్యాటరీ లేదు, కేబుల్ లేదు. ఈ చర్చకు సంబంధం లేదు.

శివాలయం_వీధి
సంబంధం ఉంది. తేలికగా చేయాలని లోపల బోలుగా చేసి జిగురుతో అంటించిన వస్తువు అది. ఖరీదైనది ఎక్కువ మన్నుతుందని నమ్మి కొన్నవాళ్లకే ఆ దెబ్బ తగిలింది. తూర్పుగాలి గారు అడిగింది 105 కాబట్టి బతికిపోయారు, అది ఆ జాబితాలో లేదు.

డాలస్_నుంచి
మరొక విషయం. 2024లో అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు డీఐ2 వైర్‌లెస్ సంకేతాన్ని రికార్డు చేసి, తిరిగి ప్రసారం చేసి వేరేవారి సైకిల్ గేరు మార్చి చూపించారు. కంపెనీ ఫర్మ్‌వేర్ (గేర్ల లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ తెచ్చింది. బ్రెవేలో మన గేరును ఎవరూ దొంగిలించరు. కానీ సైకిల్‌కు ఫోను యాప్‌తో అప్‌డేట్లు చేసుకుంటూ ఉండాలన్న సంగతి కొనేముందే తెలియాలి.

పాత_ఉక్కు
నేను చెప్పేది అదే. సైకిల్‌కు అప్‌డేట్ ఏమిటండీ? పదేళ్ల తర్వాత ఆ యాప్ ఏ ఫోనులో నడుస్తుంది? ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా. బొత్తాం నొక్కితే గేరు పడాలి, వేలు కూడా కదలకూడదు. లివర్ తోయడానికి ఓపిక లేనివాళ్లు 600 కిలోమీటర్లు ఎందుకు తొక్కడం?

కొండదారి
ఈ మాట మీరు రాయవలసింది కాదు.

నా కుడి మణికట్టు విరిగి ప్లేటు వేశారు. ఎముక అతికింది కానీ వేళ్లలో పట్టు పూర్తిగా రాలేదు. రెండు వందల కిలోమీటర్లు దాటాక చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి. కేబుల్ లివర్‌ను పెద్ద చక్రం వైపు తోయాలంటే చేతిని హ్యాండిల్ మీద నుంచి ఎత్తి, అరచేతితో నెట్టేవాణ్ని. ఘాట్ రోడ్డులో లారీ ఎదురొస్తుంటే అలా నెట్టి చూడండి. డాక్టరు సైకిల్ మానేయమన్నారు. నేను మానలేదు, గేర్లు మార్చాను. ఇప్పుడు మెత్తని బొత్తాం, ఒక్క స్పర్శ. నాకు ఇది సరదా కాదు.

గోదారి_అమ్మాయి
పాత_ఉక్కు గారూ, నా చేతులు చిన్నవి. పాత లివర్లు నా వేళ్లకు అందేవే కావు. ఓపిక లేక కాదు. ఈ కోణం మీరు ఆలోచించాలి.

పాత_ఉక్కు
మీ ఇద్దరికీ ఆ బొత్తాం కావాలంటే ఉండాలి. దాన్ని ఎవరూ వద్దనలేదు. నా కోపం ఎక్కడుందో చెబుతాను వినండి.

2021లో 12 స్పీడు డ్యూరా-ఏస్, అల్టెగ్రా వచ్చాయి. రెండింటిలోనూ కేబుల్ గేర్లు లేవు. 105లో కూడా 2022లో మొదట డీఐ2 తెచ్చి, మరుసటి ఏడాది గాని కేబుల్ రకం ఇవ్వలేదు. ఇప్పుడు ఎన్నో ఫ్రేములకు కేబుల్ వెళ్లే రంధ్రమే ఉండటం లేదు. నాది వరంగల్‌లో చిన్న దుకాణం. ఒక కుర్రాడు ఎలక్ట్రానిక్ సైకిల్‌తో పడిపోయాడు, వెనక డిరైలర్ లోపలి మోటారు తిరగడం మానేసింది. భాగం కావాలని ఒక పంపిణీదారుకు ఫోను చేస్తే సైకిల్ మొత్తం హైదరాబాద్ పంపమన్నారు, మీలాంటి దుకాణాలకు మేం భాగాలు ఇవ్వం అన్నారు. ఆ కుర్రాడు నెలల తరబడి సైకిల్ లేకుండా ఉన్నాడు. అతని ముందు నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పని రాక కాదు. పని చేయనివ్వలేదు. వస్తువు పాడవడం వేరు, పాడైనదాన్ని ఎవరూ ముట్టుకోకూడదనడం వేరు. నేను మన్నిక అన్నది దీని గురించే.

కొండదారి
ఇది మొదటి జవాబులోనే రాసి ఉంటే మనం తీగ దగ్గర ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు. భాగాలు మీ దుకాణానికి అమ్మాలి, అందులో నాకు రెండో మాట లేదు.

కానీ ఒకటి ఒప్పుకోను. కేబుల్ లివర్ మరమ్మతు చేయదగినదని అంటున్నారు. ఇటలీ కంపెనీ కాంపన్యోలో వారి పాత ఎర్గోపవర్ లివర్లకు లోపలి చిన్న స్ప్రింగులు విడిగా దొరికేవి, విప్పి మార్చేవారు. ఈ 105 లివర్ లోపల పంటి చక్రం విరిగితే మీరు ఏ భాగం తెప్పిస్తారు? లివర్ మొత్తం పారేయాలి. అదీ మూసిన పెట్టెయే.

పాత_ఉక్కు
విరగడం అరుదు. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం గ్రీజు గట్టిపడినవి. లివర్ తోస్తే టిక్కుమనకుండా ఖాళీగా ఊగుతుంది. జనం పాడైందని పారేస్తారు. టేపు తీసి, రబ్బరు తొడుగు వెనక్కి మడిచి, లోపల సన్నని నూనె పిచికారీ చేస్తాను. నల్లటి జిగురు కారుతుంది. నూనె ఇంకనిచ్చి లివర్‌ను పదే పదే తోస్తాను. మొదట ఒక పన్ను పట్టుకుంటుంది, తర్వాత రెండు. అలా బతికించిన పదిహేనేళ్ల నాటి లివర్లతో మా దగ్గర పిల్లలు రోజూ తొక్కుతున్నారు. మోటారుకు నూనె కొడితే తిరుగుతుందా?

కొండదారి
నా సైకిల్ మోటారు వైజాగ్ బీచ్ రోడ్డు ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి ఏ నూనె లేకుండానే తిరుగుతోంది. మీరు చూసేది పడిపోయిన సైకిళ్లను. పడనివాళ్లు మీ దుకాణానికి రారు.

పాత_ఉక్కు
రోడ్డు మీద తొక్కేవాళ్లు పడతారు. పడని లెక్కతో సైకిల్ కొనకూడదు.

డాలస్_నుంచి
ఇక్కడ సర్వీసు సెంటర్ ఉన్నా వెనక డిరైలర్ ధర కేబుల్ రకం కంటే కొన్ని రెట్లు ఎక్కువ. హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేముకు బిగించే ముక్క) వంగి డిరైలర్ చక్రపు చువ్వల్లోకి వెళ్లిందంటే రెండు రకాలూ ఒకేలా విరుగుతాయి. బిల్లు మాత్రం ఒకేలా ఉండదు.

తూర్పుగాలి
అందరికీ ధన్యవాదాలు. నా చేతులు ప్రస్తుతానికి బాగున్నాయి. రాజమండ్రిలో డీఐ2 చూసే మెకానిక్ నాకు తెలిసినంతలో లేరు. కేబుల్ వైపే మొగ్గుతున్నాను. ఒక సందేహం. నేను చూసిన ఫ్రేములో కేబుళ్లు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) గుండా లోపలికి పోతాయి. ఏటా తీగ మార్చాలన్నారు కదా, ఇబ్బందా?

కొండదారి
తీగ ఒక్కటే అయితే దాని మీద తొడిగిన పాత గొట్టంలో నుంచే కొత్తది దూర్చవచ్చు. గొట్టం మార్చాలంటే హ్యాండిల్, దాన్ని పట్టి ఉంచే స్టెమ్, బేరింగులు అన్నీ విప్పాలి. పైగా అన్ని మలుపులు తిరిగితే తీగ బిగుసుకుంటుంది, గేరు బరువుగా పడుతుంది. ఆ ఫ్రేమే కావాలంటే డీఐ2 తీసుకోవడం మేలని ఇప్పటికీ అంటాను.

పాత_ఉక్కు
ఆ ఫ్రేమే వద్దంటాను. కేబుల్ ఫ్రేము కింది గొట్టం పక్క నుంచి లోపలికి పోయే ఫ్రేము చూడండి, ఇంకా దొరుకుతున్నాయి. డబ్బు కట్టేముందు హెడ్‌సెట్ దగ్గర ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చెబుతాను. దానికి సరిపోయే హ్యాంగర్లు రెండు అదే రోజు కొనండి. ప్రతి ఫ్రేముకు వేరే హ్యాంగర్, తర్వాత వెతికితే దొరకదు.