ఆదివారం సభకు హాలు లేదు

కార్యదర్శి: అందరికీ నమస్కారం. ఈ రాత్రికి తేలాల్సినవి: కుర్చీలు, మైకు, భోజనాల లెక్క, కరపత్రం. విషయం తెలిసిందే: ‘మతాలకు జనం ఎందుకు పెరుగుతారు, ఎందుకు తగ్గుతారు’.

మైకు, లైట్లు: అన్నా, హాలు వాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు. కరపత్రంలో ‘మతం’ అని చూశారట. హాలు ఇవ్వం అంటున్నారు. అడ్వాన్సు రేపు తిరిగిస్తారు.

కోశాధికారి: నేను మొదటే చెప్పాను. బతుకమ్మ లెక్కలే ఇంకా తేలలేదు. ‘మన సంస్కృతి’ అని మార్చండి, హాలు ఇస్తారు.

ప్రసంగం: అలా మారిస్తే నేను రాను తమ్ముడూ. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో, రెండు రోజులకు మన పక్కనే చంద్రపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధ దీక్ష ఇచ్చారు. 1951లో దేశమంతా కలిపి బౌద్ధులు రెండు లక్షలు కూడా లేరు. 1961కి 32 లక్షలు దాటారు. అది పుట్టుకలతో వచ్చే పెరుగుదల కాదు. చెరువు నీళ్లు తాగడానికి 1927లో మహాడ్‌లో సత్యాగ్రహం చేయాల్సి వచ్చినవాళ్లు, తమను మనుషులుగా చూసే చోటికి వెళ్లారు. బల్లార్షాలో ఉండి ఇది మాట్లాడకపోతే ఎక్కడ మాట్లాడతాం?

కోశాధికారి: చరిత్ర నాకూ తెలుసు మేడమ్. మీరు మాట్లాడి వెళ్లిపోతారు, తర్వాత మాట పడేది మేము.

ప్రసంగం: ఏ మతాన్నీ తిట్టను. 2010 నుంచి 2020 దాకా ప్రపంచంలో ముస్లింలు పెరిగింది ఎక్కువగా పుట్టుకల వల్లేనని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ లెక్క. క్రైస్తవుల సంఖ్య పెరిగినా వాటా తగ్గింది, పెద్దయ్యాక మతం వదిలేసినవాళ్లు చాలామంది. ప్రపంచంలో బౌద్ధుల సంఖ్యే తగ్గింది. ఇవి తెలియకే పిల్లలు ఫోన్లో వచ్చే ప్రతి పుకారుకూ భయపడుతున్నారు.

వంటలు: అక్కా, మా పెద్దోడి సంగతి కూడా చెప్పండి. ఇక్కడున్నప్పుడు బోనాల ముందు డప్పు కొట్టేవాడు. పుణే వెళ్లాక పోచమ్మ ఊసే లేదు. ఏ మతంలోకీ పోలేదు. అక్కడ బోనం ఎత్తేవాళ్లు లేరు, పక్కింట్లో పిలిచేవాళ్లూ లేరు. నాకు చాలా బాధగా ఉంది.

కోశాధికారి: మా అమ్మాయి కూడా అంతే వదినా.

కోశాధికారి: మేడమ్, ఇందాక మాట తూలాను, ఏమనుకోకండి. మా డాబా మీద పెడదాం. అరవై మంది పడతారు.

మైకు, లైట్లు: అయితే కుర్చీలు వద్దు, చాపలు చాలు. మైకూ వద్దు.

వంటలు: పులిహోర నేను చేసి తెస్తా.

కార్యదర్శి: మరి కరపత్రం?

కోశాధికారి: ఇల్లిల్లూ తిరిగి చెబుదాం. రైల్వే లైను అవతల నేను వెళ్తా. విషయం ఉన్నదున్నట్టే చెబుతా. మెట్ల దగ్గర బల్బు పోయింది, ఎవరైనా రేపు ఒకటి తెండి. పెద్దవాళ్లు వస్తారు.