కాకినాడ తీరంలో ఇండియన్ స్కిమ్మర్ పక్షులను ఫొటో తీయడానికి సలహాలు కావాలి

చలికాలంలో కాకినాడ తీరపు ఇసుక మేటల మీద గుంపులుగా వాలే ఇండియన్ స్కిమ్మర్లను మూడేళ్లుగా చూస్తున్నాను. పై ముక్కు కన్నా కింది ముక్కు పొడవుగా ఉండే ఈ పక్షి, ఆ కింది భాగాన్ని నీటిలో ముంచి, గీత గీసినట్టు ఎగురుతూ చేపను పట్టే క్షణాన్ని ఒక్కసారైనా స్పష్టంగా తీయాలని నా కోరిక.

గత జనవరిలో మోకాలి లోతు బురదలో నడిచి వెళ్లగా, వంద అడుగుల దూరం ఉండగానే గుంపంతా లేచిపోయింది. పక్కనే వల సర్దుకుంటున్న పెద్దాయన, "మీరు వెళ్లకండి బాబూ, పోటు వస్తే అవే ఇటు జరుగుతాయి" అన్నారు. ఆ మాట నిజమే అయినా, పోటు మొదలైన ఎంతసేపటికి ఎక్కడ కూర్చోవాలో నాకు అంతుపట్టలేదు.

నా దగ్గర 150-600 మి.మీ. జూమ్ లెన్సు ఉంది. ఇవి ఎక్కువగా వేటాడేది వెలుతురు తక్కువగా ఉండే సందెవేళల్లోనే కాబట్టి, షట్టర్ వేగాన్ని సెకనులో 1/2000 వంతుకు పెంచితే ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును గ్రహించే స్థాయి) పెరిగి ఫొటో గరుకుగా వస్తోంది. తగ్గిస్తే రెక్కలు చెదిరిపోతున్నాయి. పైగా నల్లని వీపుకు సరిపడా ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు) పెడితే తెల్లని మెడ సున్నం కొట్టినట్టు వెలిసిపోతోంది, ఫోకస్ పక్షిని వదిలి నీటి మెరుపు మీదకు పోతోంది.

వీటిని తీసిన అనుభవం ఉన్నవారు ఏ సెట్టింగులు వాడారో, పడవలో ఉండి తీయడం మేలో, ఒడ్డున కదలకుండా పడుకోవడం మేలో దయచేసి చెప్పగలరు. అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షి కాబట్టి, దాన్ని బెదరగొట్టి లేపే పద్ధతులు మాత్రం నాకు వద్దు.