బాస్కర్విల్ గొప్పతనం అక్షరానిదా, కాగితానిదా?

అక్షరపిచ్చి: బాస్కర్విల్‌ని అనవసరంగా మోస్తున్నాం. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు అచ్చుపనివాడు, ఆయన పేరుతో ఫాంటు ఇప్పటికీ ఉంది. బర్మింగ్‌హామ్‌లో లక్కపూత సామాన్లమ్మి డబ్బు గడించి, 1750 ప్రాంతంలో అచ్చుపనిలో దిగాడు. 1757లో వేసిన రోమన్ కవి వర్జిల్ కావ్యాల పేజీ నిగనిగలాడిందంటే అది నున్నటి కాగితం, చిక్కటి సిరా, అచ్చయ్యాక వేడిగా నొక్కడం వల్ల. అందులో అక్షరం చేసిందేముంది?

పాతకంపోజిటర్: భలేవారే! వ్యాపారానికి ముందు ఆయన దస్తూరి నేర్పే పంతులు, సమాధిరాళ్ల మీద అక్షరాలు చెక్కినవాడు. అప్పటి మరో ఇంగ్లిష్ అక్షరశిల్పి కాస్లన్ అక్షరం పక్కన పెట్టి చూడండి. సన్నగీతకీ లావుగీతకీ తేడా ఎక్కువ. చిన్న 'జీ' కింది చుట్టు మూసుకోదు. పెద్ద 'క్యూ' తోక కలంతో విసిరినట్టుంటుంది.

అక్షరపిచ్చి: ఆ సన్నగీతలకే కళ్లు పోతాయని అప్పట్లోనే అన్నారు.

గోదారిగట్టు: ఆ మాటన్న ఒకాయనకి, అచ్చుపని తెలిసిన అమెరికన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాస్లన్ నమూనా కాగితమే పైన పేరు చింపేసి, బాస్కర్విల్‌దని చూపించాడు. పెద్దమనిషి దాంట్లోనూ తప్పులన్నీ ఏకరువు పెట్టాడు. 1760లో ఫ్రాంక్లినే ఉత్తరంలో రాశాడు.

అక్షరపిచ్చి: ఆ ఉత్తరం రాసింది బాస్కర్విల్‌కే కదా, పొగడక ఏం చేస్తాడు? నాకు ఆ ఫాంటులో పీడీఎఫ్ చదివితే నిజంగానే తలనొప్పి.

చిట్టిబాబు: కళ్లజోడు మార్చండి సార్.

పాతకంపోజిటర్: సీసం అక్షరం తడి కాగితంలోకి దిగితే గీత కాస్త లావెక్కుతుంది. ఇరవయ్యేళ్లు వేళ్లకి ఆ సీసం మసి అంటించుకున్నాను, నాకు చెప్తారా! ఫోన్ తెర చూసి ఆయన్ని తిట్టకండి.

అక్షరపిచ్చి: మసి మీకంటింది, మరి ఆయనకి? సీసం అక్షరాలకి మూలంగా ఉక్కుకడ్డీ కొన మీద అక్షరాన్ని తిరగేసి చెక్కినవాడు జాన్ హ్యాండీ. ఇక్కడ ఒక్కరైనా ఆ పేరెత్తారా? నేనూ ఒక సంస్థకి తెలుగు ఫాంటు గీసిచ్చాను. విడుదల రోజు వేదిక మీద యజమాని పేరు, పోస్టర్ మీద యజమాని పేరు.

పాతకంపోజిటర్: అదా సంగతి! మొదటే చెప్పొచ్చుగా, కాగితం, సిరా అని ఊరంతా తిప్పారు. అయినా ఏడేళ్లు పుస్తకమే రాకుండా డబ్బు పోసి, ఆకారం ఇలాగే ఉండాలని పట్టుబట్టినవాడికి పేరు రాకూడదా? 1775లో ఆయన పోయాక భార్య శారా ఆ అచ్చులన్నీ అమ్మేస్తే, ఫ్రెంచి నాటకకర్త బోమార్షే కొని వోల్టేర్ రచనలు వేయించాడు. చెక్కిన చేయి ఎవరిదైనా చూపు బాస్కర్విల్‌ది.

అక్షరపిచ్చి: మా యజమానికి ఆ చూపు కూడా లేదండీ. ఫాంటు ఫైల్లో రూపకర్త పేరుకి గడి ఉంటుంది. అదీ ఖాళీగా వదిలేశారు.

గోదారిగట్టు: అది మాత్రం అన్యాయం.

పాతకంపోజిటర్: సరే, ఆ ఫాంటు నాకు పంపండి. 'క్ష్మ' కొట్టి చూస్తా. కింద మ-ఒత్తు తర్వాతి వరుస తలకట్టుకి తగులుతుందా?

అక్షరపిచ్చి: తగలదు. దానికే ఎనిమిది నెలలు పట్టింది.