రోజువారీ ఫోన్ ఫోటోలకు లొకేషన్ ఉంచి మ్యాపు మీద చేర్చుకోవడం మంచిదేనా?

వేళచ్చేరి వాసి:
2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను నీళ్ళు చెన్నైలోని మా వీధిలోకి వచ్చినప్పుడు గేటు దగ్గర, మెట్ల మీద, కరెంటు మీటరు కింద నిలబడి ఫోటోలు తీశాను. వాటిని మ్యాపు మీద చూస్తే నీళ్ళు ఏ మూల నుంచి వచ్చి ఎవరి గుమ్మం దాకా ఎక్కాయో ఇప్పటికీ తెలుస్తుంది. అందుకే కూరగాయల బండి నుంచి గుడి మెట్ల దాకా ఏ ఫోటోకైనా లొకేషన్ ఉంచాలంటాను.

తాంబరం టీచరు:
ఇల్లు, పిల్లల బడి, ట్యూషను అన్నీ అందులోనే తెలిసిపోతాయి కదండీ.

వేళచ్చేరి వాసి:
వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపితేనే ఉంటాయి. మా అబ్బాయి మామూలుగా పంపిన ఫోటోలలో తేదీ, స్థలం లేవంటూ బీమా సంస్థవారు మా కారు క్లెయిమును నెలల తరబడి నాన్చారు.

అన్నానగర్:
ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ పక్క వీధిని చూపిస్తుంది. అదేం సాక్ష్యం?

వేళచ్చేరి వాసి:
ఆరుబయట తేడా సుమారు 5 మీటర్లే. మా వీధిలో అంత ఎత్తు భవనాలు లేవు.

తాంబరం టీచరు:
మీరు మీటర్లనే పట్టుకుని కూర్చున్నారు. భర్త నుంచి విడిగా ఉంటున్న మా చెల్లెలు, కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో పాప పుట్టినరోజు చేసుకుంటే, బంధువొకరు ఆ ఫోటోలను లొకేషన్‌తో సహా ఉమ్మడి ఆల్బంలో పెట్టారు. వారం తిరగకుండానే ఆమె భర్త ఆ గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. దీనికి మీ సమాధానమేమిటి?

లా విద్యార్థి:
2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, వ్యక్తులు సొంత లేదా ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి వర్తించదు.

తాంబరం టీచరు:
చట్టం వర్తించకపోతే మా చెల్లెలు మళ్ళీ ఇల్లు మారవలసిందేనా?

వేళచ్చేరి వాసి:
జరిగింది దారుణం, కాదనను. కానీ నా జీవితాన్ని నేను ఫోటోల్లో భద్రపరచుకోవడానికి ఫోటోలో పడ్డ ప్రతి ఒక్కరినీ అనుమతి అడగాలంటే ఎలాగమ్మా? నా ఫోటోలు నావి కావా?

తాంబరం టీచరు:
ఇంతసేపటికి అసలు మాట వచ్చింది. ఆ పుట్టినరోజు ఫోటో తీసినవారిది ఎలా అవుతుంది? అందులో ఉన్నది మా చెల్లెలు, ఆమె బిడ్డ, ఆమె ఇల్లు. వరద ఫోటోలు మీ ఇష్టం, మనుషులున్నవాటికి మాత్రం లొకేషన్ తీసేయండి.

వేళచ్చేరి వాసి:
ఎవరికైనా పంపేటప్పుడు తీసేస్తాను. నా ఫోన్‌లో ఉన్న అసలు ఫోటోల జోలికి మాత్రం పోను.

తాంబరం టీచరు:
రేపు ఆ ఫోన్‌ను లాక్ తీసి రిపేరుకు ఇచ్చినప్పుడో?