14 కిలోల బొచ్చె చేప, టాక్సిడెర్మిస్ట్ (చచ్చిన జంతువుల్ని స్టఫ్ చేసేవాళ్లు) దగ్గరికి చేరేదాకా చెడకుండా ఎట్లా చూసుకోవాలి?

మొన్న ఆదివారం మైలవరం రిజర్వాయర్‌లో మా నాయన గాలానికి 14 కిలోల బొచ్చె పడింది. ముప్పై ఏళ్లుగా గాలం వేస్తున్న మనిషి, ఇంత పెద్దది ఎప్పుడూ పట్టలేదు, అందుకే కూర వద్దని, స్టఫ్ చేయించి గోడకు పెట్టించుకుందామని నేనే పట్టుబట్టా.

పొట్ట కోయలేదు, పొలుసు తీయలేదు, ఉప్పు కూడా రాయలేదు. చచ్చాక రంగు పోతుంది కదా, పెయింట్ వేసేవాళ్లకు పనికొస్తాయని గట్టు మీదే రెండు వైపులా ఫొటోలు తీసి, పొడవూ చుట్టుకొలతా టేపుతో కొలిచి రాసుకున్నా. ఇంటికొచ్చి జిగురు కడిగి, రెక్కలు ఒంటికి ఆనించి, తడి టవల్ చుట్టి, ప్లాస్టిక్ కవర్లో గాలి లేకుండా కట్టి, ప్రొద్దుటూరులో తెలిసినవాళ్ల ఐస్‌క్రీమ్ షాపు ఫ్రీజర్‌లో పెట్టాం.

టెన్షన్ ఏంటంటే, ఆటోలో తెచ్చేటప్పుడు తోక కొస చీలింది, మొప్ప పక్కన రూపాయి బిళ్లంత పొలుసు ఒకటి ఊడింది. దాన్ని చిన్న కవర్లో వేసి విడిగా ఫ్రీజర్‌లో పెట్టా. ఇవి తర్వాత సరిచేస్తారా?

రెండోది, ముంబైలో ఒకాయన చేస్తానన్నాడు. కడప నుంచి రైల్లో థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి తీసుకెళ్తే ఈ ఎండలకు కరగకుండా ఉంటుందా? దారిలో కరిగి మళ్లీ గడ్డకడితే చర్మం పాడవుతుందని భయంగా ఉంది. ఇట్లా పంపించిన అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. నాయన రోజూ అడుగుతున్నాడు, చేప బాగుందా అని.