టార్మిగన్ మగపక్షి కావాలనే మురికి పూసుకుంటుందా?

కొండగాలి:
నేను ఉండేది నార్వేలోని ట్రోమ్సోలో. మే నెలాఖరున కొండెక్కితే మంచు అక్కడక్కడా మడుగులు కట్టినట్టు మిగిలి ఉంటుంది. చలిప్రాంతాల్లో ఉండే, చలికాలంలో తెల్లబడే కోడిలాంటి పక్షి రాక్ టార్మిగన్. దాని ఆడపక్షి అప్పటికే తెల్ల ఈకలు రాల్చి, గోధుమ రంగుకు మారి, నేలలో కలిసిపోతుంది. పక్కనుంచి నడిచినా కనబడదు. మగది మాత్రం ఇంకా తెల్లగానే, కళ్లపైన కనుబొమల్లా ఎర్రటి కండతో, బండ మీద నిలబడి గరగరమంటూ ఉంటుంది. జూన్‌లో వెళ్తే అవే మగపక్షులు మాసిపోయి కనిపించాయి. కెనడా ఆర్కిటిక్‌లో గమనించి మాంట్‌గోమరీ, లయన్, హోల్డర్ అనే పరిశోధకులు 2001లో రాసినదాని ప్రకారం, జతపక్షి గుడ్లు పెట్టడం మొదలయ్యాకే మగది ఇలా మాస్తుంది. డేగ కంట పడకుండా వేసుకునే వేషమే ఇది అని నా నమ్మకం.

పొలంగట్టు:
వేషం అన్నది మన మాట అండీ. మా పెరట్లో కోళ్లు పేలు వదిలించుకోవడానికి రోజూ బూడిదలో పొర్లాడతాయి. దీనిదీ అదే కావచ్చుగా? లేదా జత కుదిరాక ఈకలు దువ్వుకోవడం తగ్గించిందేమో. మిగతా పని మంచు కరిగిన బురదే చేస్తుంది.

కొండగాలి:
పేల కోసమైతే అంతకు ముందే పొర్లాడాలి కదా?

పొలంగట్టు:
ముందు నేలంతా మంచే. మట్టి ఎక్కడ దొరుకుతుంది?

కొండగాలి:
ఒప్పుకుంటాను. కానీ ఇంకోటి ఉంది. గూడు పాడై ఆడది మళ్లీ గుడ్లకు సిద్ధపడితే, మాసిన మగది తిరిగి శుభ్రపడిన సందర్భాలున్నాయి. అప్పుడు మట్టీ ఉంది, బురదా ఉంది. అయినా తెల్లబడింది.

నీలిరెక్క:
నన్ను తొలిచే ప్రశ్న వేరు. ఆడదానితో పాటే ఈకలు ఎందుకు మార్చుకోదు? ఐస్‌లాండ్‌లో జిర్‌ఫాల్కన్ డేగకు ముఖ్యమైన తిండి ఈ పక్షే. వసంతంలో దానికి చిక్కేవాటిలో మగవే ఎక్కువ. దీని దగ్గరి చుట్టం విల్లో టార్మిగన్ మగది వసంతంలోనే తల, మెడ ఎర్రగోధుమకు మార్చుకుంటుంది, ఒళ్లు తెల్లగా ఉండగానే. అంటే మార్చుకోలేక కాదు. నాకు తోచింది ఇది: కొత్త ఈకలు మొలవడానికి వారాలు పడుతుంది, వెనక్కి తిప్పుకోలేం. మురికి అలా కాదు, అవసరమైతే వదిలించుకోవచ్చు. రెండో జతకు అవకాశం మిగుల్చుకునే పక్షికి అదే లాభం.

పొలంగట్టు:
ఈ లెక్క బాగుంది. తిరిగి తెల్లబడటం పేలతో కుదరదు, ఆ మాట వదిలేస్తున్నాను. కానీ దువ్వుకోవడం మానితే మాస్తుంది, మళ్లీ మొదలెడితే తెల్లబడుతుంది. పూసుకుందనడానికి అది చాలదు. కొండగాలి గారూ, వచ్చే జూన్‌లో కొండెక్కినప్పుడు మాసిన పక్షిని కాదు, మట్టిలో పొర్లుతున్న పక్షిని చూస్తే ఇక్కడే రాయండి.