సినిమాలో ఇద్దరాడవాళ్ల ప్రేమని పట్టి చూడటం ఎలా? రాయగడలో తొమ్మిదిమందికి, మూడు ఆదివారాలకి

నాగావళి గట్టు (రాయగడ):

మేం తొమ్మిదిమందిమి. ఒక స్నేహితురాలి మేడమీద గదిలో మూడు ఆదివారాలు సినిమాలు చూసి మాట్లాడుకుందామనుకుంటున్నాం. విషయం ఒకటే: ఆడదాన్ని ప్రేమించిన ఆడదాన్ని సినిమా ఎలా చూపించింది. నాలాంటి లెస్బియన్లూ ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. అందరికీ తెలుగు మాట్లాడటం వచ్చు. ముగ్గురు మాత్రం ఒడియా మీడియంలో చదివారు, తెలుగు చదవలేరు.

నా ఇబ్బంది ఏమిటంటే, ఏ సినిమా చూసినా మాట "మంచిగా చూపించారు", "చెడ్డగా చూపించారు" దగ్గరే ఆగిపోతుంది. కొన్నిట్లో పాత్ర బంగారం, అయినా చూసే నాకు వెలితిగా ఉంటుంది. కొన్నిట్లో పాత్ర మంచిది కాదు, అయినా ప్రాణమున్న మనిషిలా అనిపిస్తుంది. ఆ తేడా సినిమాలో ఎక్కడుందో వేలుపెట్టి చూపించడం ఎలా? ఏ సినిమాలు పెట్టాలి? తెలుగుది ఒకటైనా ఉండాలి.

వంశధార (గుణుపురం):

నాగావళి గారూ, ఒక నోటుబుక్కు, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. పాత్ర మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టి ఒక్కటే కొలవండి: ఇద్దరే ఉండి, ఎవరికీ ఏ సంజాయిషీ చెప్పుకోకుండా గడిపిన నిమిషాలు ఎన్ని? అమ్మానాన్నలో, మొగుడో, మంచి మనసున్న స్నేహితుడో గదిలో ఉంటే లెక్కలోకి రాదు. ఇద్దరే ఉన్నా "ఇంట్లో ఎలా చెప్పాలి" అన్న మాటే నడుస్తుంటే సగం వెయ్యండి. పాటలో వరసగా వచ్చే ముక్కలకీ సగమే, ఎందుకంటే పాటలో ప్రేమ ఉందని చెబుతారు గానీ అది ఎలా నడుస్తుందో చూపించరు. పక్క గడిలో, వాళ్ల ప్రేమ గురించి ఇతరులు మాట్లాడుకున్న నిమిషాలు రాయండి. రెండు గడులూ పక్కపక్కన పెడితే మీ వెలితి ఎక్కడిదో తెలుస్తుంది.

ఉదాహరణకి 2019 ఫిబ్రవరిలో వచ్చిన హిందీ సినిమా "ఏక్ లడ్కీ కో దేఖా తో ఐసా లగా". పెద్ద తారలతో, పెళ్లి సందడితో, పంజాబులోని మోగా ఊళ్లో జరిగే కుటుంబ కథ. సోనమ్ కపూర్ చేసిన స్వీటీ, మన రెజీనా కసాండ్రా చేసిన కుహూ ప్రేమించుకుంటారు. దాన్ని తక్కువ చేయను. కుటుంబంతో కలిసి చూడదగ్గట్టు ఈ కథ చెప్పిన మొదటి పెద్ద హిందీ సినిమాల్లో అదొకటి. కానీ కథ నడిపేది రాజ్‌కుమార్ రావు చేసిన నాటకరచయిత, చివరికి తేలాల్సింది నాన్న ఒప్పుకుంటాడా లేదా అన్నది. కుహూకి ఏ కూర ఇష్టమో, ఎందుకు అలుగుతుందో మనకి తెలియకుండానే సినిమా అయిపోతుంది. పాత్ర బంగారమే, మొదటి గడి మాత్రం దాదాపు ఖాళీ.

దాని పక్కన 2022 నాటి "బధాయీ దో" పెట్టండి. డెహ్రాడూన్‌లో పోలీసు శార్దూల్, పీటీ టీచరు సుమీ. ఇద్దరూ ఇంటివాళ్ల పోరు తప్పించుకోడానికి ఉత్తుత్తి కాపురానికి ఒప్పుకుంటారు. సుమీ ప్రేమించిన అమ్మాయి రిమ్‌ఝిమ్ ఆ ఇంట్లోకే వచ్చి ఉంటుంది. ఇక్కడ ప్రేమకి వంటిల్లుంది, అలసట ఉంది, చిరాకు ఉంది. మొదటి గడి నిండుతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుందంటే, మొదటిసారి చూస్తూనే కొలుస్తారు. అలా చేస్తే సినిమా పోతుంది, లెక్కా పోతుంది. మొదట చేతులు కట్టుకుని పూర్తిగా చూడండి. టీ తాగాక రెండు ఇరవై నిమిషాల ముక్కలు ఎంచుకుని, ఇద్దరు విడివిడిగా కొలవండి. ఇద్దరి అంకెలు కలవని చోటే అసలు చర్చ ఉంటుంది. ముద్దులు మాత్రం లెక్కపెట్టకండి, అవి కెమెరా కోసం పెట్టినవి కావచ్చు.

ఒక ఐదు నిమిషాలు శబ్దం తీసేసి చూడటం కూడా చెయ్యండి. కెమెరా ఎవరి కళ్లతో చూస్తోంది? ఒకామె రెండో ఆమెని చూస్తే, తర్వాతి షాట్ ఆమె నిలబడ్డ చోటు నుంచి వచ్చిందా, లేక నడుం మీదికో తొడ మీదికో పోయిందా? ముఖాలు, చేతులు ఒకే ఫ్రేములో ఉంటే అది ఇద్దరి మధ్య జరుగుతున్నది. ఒంటిని ముక్కలుగా కోసి చూపిస్తే అది హాల్లో కూర్చున్న మగవాడి కోసం. 2013లో కాన్ ఉత్సవంలో పామ్ డోర్ గెలిచిన ఫ్రెంచి సినిమా "బ్లూ ఈజ్ ది వార్మెస్ట్ కలర్" లోని పడక సన్నివేశాన్ని, మూల బొమ్మల నవల సృష్టికర్తే ఇందుకు తప్పుపట్టారు. 2019 నాటి "పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్" లో బొమ్మ గీసే ఆమె, గీయించుకునే ఆమెని చూస్తూ ఉంటుంది. ఒకచోట రెండో ఆమె చిత్రకారిణిని తన పక్కకి పిలిచి, ఇక్కణ్ణుంచి నేనూ నిన్ను చూస్తున్నానని తెలియజేస్తుంది. ఆ ఒక్క సన్నివేశం చూపిస్తే చూపు గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

వంశధార గారి లెక్క మంచిదే గానీ "ఫైర్" సినిమా దగ్గర తిరగబడుతుంది. ఢిల్లీలో ఉమ్మడి కుటుంబం, ఇద్దరు తోడికోడళ్లు, ఒకే వంటిల్లు. వాళ్లని ఒంటరిగా వదిలే ఇల్లు కాదది. విహారానికి వెళ్లినప్పుడు చిన్నకోడలు పెద్దకోడలి పాదాలు ఒత్తుతుంది, పక్కనే మొగుళ్లున్నారు, ఎంత అన్యోన్యమైన కుటుంబమో అని పెద్దకోడలి మొగుడు మురిసిపోతాడు. మీ గడిలో ఆ నిమిషం సున్నా. లెస్బియన్ ప్రేక్షకురాలికి మాత్రం సినిమా అంతటిలో ఊపిరి బిగపట్టించే నిమిషం అదే. మన ఇళ్లల్లో జడ వెయ్యడం, గోరింట పెట్టడం, ఒకే చాప మీద పడుకోవడం ఎవరూ శంకించరు. ఆ రక్షణనీ, ఆ శిక్షనీ ఒకేసారి చూపించిన సినిమాకి మూడో గడి కావాలి: అందరి ముందూ, ఎవరికీ తెలియకుండా.

చర్చకి ముందు ఈ సంగతులు చెప్పండి. దీపా మెహతా 1996లో తీసినది, షబానా ఆజ్మీ, నందితా దాస్. మన దేశంలో 1998 నవంబరులో ఒక్క కోత లేకుండా, పెద్దలకి మాత్రమే అనే "ఎ" సర్టిఫికెట్‌తో విడుదలైంది. డిసెంబరు మొదట్లో ముంబై, ఢిల్లీ హాళ్ల మీద దాడులు జరిగాయి, సినిమాని మళ్లీ సెన్సారుకి పంపారు, 1999 ఫిబ్రవరిలో మళ్లీ కోత లేకుండానే బయటికొచ్చింది. ఆ గొడవలోనే ఢిల్లీ వీధిలో ఆడవాళ్లు మేం భారతీయులం, మేం లెస్బియన్లం అని అట్టలు పట్టుకుని నిలబడ్డారు. కాంపెయిన్ ఫర్ లెస్బియన్ రైట్స్ అక్కణ్ణుంచే పుట్టింది. దొరికే కాపీ ఏ భాషదో ముందే చూసుకోండి: ఇంగ్లీషులో చిన్నకోడలి పేరు సీత, హిందీలో నీత. తెలియకపోతే సగం చర్చ పేరు మీదే పోతుంది.

దాని లోపమూ దాచొద్దు. ఒక మొగుడు బ్రహ్మచర్యం పట్టాడు, ఇంకో మొగుడికి బయట ప్రియురాలుంది, కాబట్టి ఈ ఇద్దరూ దగ్గరయ్యారు అన్నట్టు కథ అల్లుకుంది. మొగుళ్లు సరిగ్గా ఉంటే ఇది జరిగేది కాదా అని మీ గదిలో ఎవరో ఒకరు అడుగుతారు. అడగనివ్వండి, జవాబు కోసం ఇద్దరి ముఖాలు మాత్రమే ఉన్న సన్నివేశాలు మళ్లీ వెయ్యండి. వాళ్ల సంతోషం మొగుళ్ల మీద కసిలా ఉందా, దానంతట అదే ఉందా?

వంశధార (గుణుపురం):

ఒప్పుకుంటున్నాను, మూడో గడి ఉండాల్సిందే. దాన్ని మొదటి గడితో కలపకండి.

నాగావళి గట్టు (రాయగడ):

మూడు గడులు గీశాను. ఇప్పుడు భాష సంగతి. హిందీ అందరికీ కొంత వచ్చు, మలయాళం, ఫ్రెంచి ఎవరికీ రాదు. తెలుగు సబ్‌టైటిల్స్ మేమే రాసుకోవచ్చా?

గోపాలపూర్ గాలి (బరంపురం):

రాసుకోవచ్చు, కానీ ఓటీటీ యాప్‌లో బయటి సబ్‌టైటిల్ ఫైలు పెట్టలేరు. డిస్కు గానీ కొన్న ఫైలు గానీ ఉంటే వీఎల్‌సీ ప్లేయర్లో పెట్టొచ్చు. సబ్‌టైటిల్స్ రాసిన ఎస్‌ఆర్‌టీ ఫైలుని సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకోండి, లేకపోతే తెలుగు అంతా ప్రశ్నార్థకాలొస్తుంది. డబ్బాలు కనిపిస్తే సెట్టింగుల్లో సబ్‌టైటిల్ ఫాంటుని నోటో సాన్స్ తెలుగుకో, విండోస్‌లో ఉండే నిర్మలా యూఐకో మార్చండి. ఒకసారికి రెండు వరసలు దాటొద్దు. మీ ముగ్గురికీ అదీ పనికిరాదు కాబట్టి సినిమా మొత్తం రాసే శ్రమ వదిలి, ముఖ్యమైన ఆరేడు సన్నివేశాల మాటలు కాగితం మీద రాసుకుని, ఆపి, ఒకరు చదివి వినిపించండి.

తర్జుమాలో పెద్ద చిక్కు క్రియ దగ్గర. ఒడియాలో "సే ఆసిలా" అంటే వచ్చింది మగో ఆడో తెలియదు. తెలుగులో వచ్చాడు, వచ్చింది అని తేల్చాల్సిందే, హిందీలోనూ అంతే. ఇంగ్లీషు డైలాగులో ఒకామె తన ప్రేమ గురించి ఆడో మగో తెలియకుండా పది నిమిషాలు మాట్లాడగలదు. డబ్బింగ్‌లో తొందరపడి "అతను" అని రాశారంటే ఆమె జాగ్రత్తగా దాచుకున్నది అబద్ధంగా మారిపోతుంది. ఆమె అబద్ధం చెప్పలేదు, దాచింది. తెలుగులో దానికి దారి ఉంది: "తను", "వాళ్లు వచ్చారు", "ఫోన్ చేశారు". గౌరవవాచకంలో ఆడామగా తేడా కనబడదు. ఇంట్లో ఎవరి గురించైనా జాగ్రత్తగా మాట్లాడేవాళ్లందరికీ ఈ "చేశారు" తెలుసు. తెలుగు సంభాషణల రచయితలు దీన్ని వాడుకోకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఇంకొకటి, ప్రియురాలిని "స్నేహితురాలు" అని మార్చేస్తారు. "తను నా మనిషి" అని రాయండి, మాటా నిలుస్తుంది, బరువూ నిలుస్తుంది. వార్తల్లో వాడే "స్వలింగ సంపర్కం" ని మాత్రం కాగితంలోకి రానివ్వకండి. కథంతా పదిహేనేళ్ల కాపురం గురించైనా ఆ మాట మనిషిని పడక దగ్గరికే లాక్కెళ్తుంది.

వంశధార (గుణుపురం):

తెలుగుదానికి "అ!" పెట్టండి. 2018 ఫిబ్రవరి, ప్రశాంత్ వర్మ మొదటి సినిమా, నాని నిర్మాత. ఈషా రెబ్బా చేసిన రాధ తన క్రిష్‌ని అమ్మానాన్నలకి పరిచయం చేస్తుంది. అబ్బాయి అనుకున్నవాళ్ల ముందు నిత్యా మేనన్ వచ్చి కూర్చుంటుంది. ఆ ఇద్దరి మధ్య వెకిలితనం లేదు, కెమెరా వాళ్ల ఒళ్లు తడమదు. అప్పటి తెలుగు తెరకి అది చిన్న విషయం కాదు. కానీ చివరికి వస్తే ఈ పాత్రలన్నీ గాయపడ్డ ఒక్క మనిషి మనసులోని ముక్కలు. అంటే ఆ ప్రేమ కూడా ఒక గాయానికి గుర్తుగా మిగిలింది. దర్శకుడి ఉద్దేశం అది కాకపోవచ్చు, నిర్మాణం మాత్రం అదే చెప్పింది. మొదటి గంట చూశాక ఆపి మాట్లాడండి, అయ్యాక మళ్లీ మాట్లాడండి. రెండు అభిప్రాయాలూ రాసి ఉంచండి.

కారణం వెతకడం అన్న జబ్బు పాతది. 2004 నాటి హిందీ "గర్ల్‌ఫ్రెండ్" లో ప్రేమించిన ఆమెకి చిన్నప్పటి అత్యాచారాన్ని కారణంగా పెట్టి, పిచ్చిదాన్ని చేసి, కిటికీలోంచి పడేసి చంపారు. దాన్ని పూర్తిగా వెయ్యకండి, ఎవరికీ ఆ రెండు గంటలు అవసరం లేదు. నాలుగు మాటల్లో చెప్పండి చాలు.

ముగింపుల కోసం మలయాళం జంట చూడండి. పద్మరాజన్ 1986లో తీసిన "దేశాడనక్కిళి కరయారిల్ల" లో బడి నుంచి పారిపోయిన ఇద్దరమ్మాయిలు చివరికి చనిపోయి కనిపిస్తారు. ఎంత ప్రేమగా తీసినా, ప్రేమ అన్న మాట ఒప్పుకోకుండానే తీశారు. 2004లో లిజీ పుల్లప్పళ్లి "సంచారం" తీశారు. అందులో కిరణ్ అనే అమ్మాయి జలపాతం అంచు దాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది. ఒకే భాష, మధ్యలో పద్ధెనిమిదేళ్లు. రెండిటి చివరి పది నిమిషాలూ వెంటవెంటనే వెయ్యండి. చావు ఉందన్నదే తప్పు కాదు, ఆ చావు ఎవరి వల్ల వచ్చిందో సినిమా చూపించిందా, లేక విధి అని వదిలేసిందా అన్నది అడగండి. మొదటిది వేసే ముందు గదిలో అందరికీ ముగింపు చెప్పెయ్యండి. తెలియకుండా చూస్తే కొందరికి తట్టుకోవడం కష్టం.

కొలాబ్ (జయపురం):

అక్కా, ఇవన్నీ ఉన్నవాళ్ల ఇళ్ల కథలే అవుతున్నాయి. 2021 నాటి "అజీబ్ దాస్తాన్స్" లోని నాలుగు కథల్లో మూడోది, నీరజ్ ఘేవాన్ తీసిన "గీలీ పుచ్చీ" తప్పక వెయ్యండి. ఫ్యాక్టరీలో మెషీన్ పని చేసే దళిత ఆడమనిషి భారతి, ఆమె కోరుకున్న ఆఫీసు ఉద్యోగం దక్కిన పై కులం ప్రియ. ప్రియ ఇంట్లో అందరికీ పింగాణీ కప్పులు, భారతికి స్టీలు గ్లాసు. ఆ గ్లాసు తర్వాత ప్రేమకథ అక్కడే తిరిగిపోతుంది. మీరు మొదట్లో అడిగారే, మంచిది కాని పాత్ర ప్రాణమున్నట్టు ఎందుకుంటుందని, భారతిని చూస్తే తెలుస్తుంది. ఆమె చేసే పనికి ఆమె కారణాలు ఆమెకున్నాయి, సినిమా ఆమెని క్షమించమని అడగదు.

నెట్‌ఫ్లిక్స్ ఇంటివాళ్లదైతే జాగ్రత్త. చూసినవి "కంటిన్యూ వాచింగ్" వరసలో అందరికీ కనిపిస్తాయి. బ్రౌజర్‌లో అకౌంటు, మీ ప్రొఫైల్, వ్యూయింగ్ యాక్టివిటీ, అక్కడ సినిమా పక్కన దాచే గుర్తు నొక్కండి. పోవడానికి ఒక రోజు దాకా పడుతుంది కాబట్టి పండక్కి ఇంటికెళ్లే ముందురోజు రాత్రి దాకా ఆగకండి. ప్రొఫైల్‌కి నాలుగంకెల పిన్ పెట్టుకుంటే ఇంకా నయం. వాట్సాప్ గ్రూపుకి మామూలు పేరు పెట్టండి. గదిలో ఫొటోలు వద్దు. ముఖ్యంగా, చర్చలో ఎవరినీ "మరి నువ్వు?" అని అడగొద్దు. పాత్ర గురించి మాట్లాడుతూనే చాలామంది తమ సంగతి చెప్పుకుంటారు, అది వాళ్ల ఇష్టానికి వదిలెయ్యాలి.

నాగావళి గట్టు (రాయగడ):

ఇలా అనుకుంటున్నాం. మొదటి ఆదివారం "ఫైర్", మూడో గడితో. రెండో ఆదివారం "అ!" మధ్యలో ఆపి, తర్వాత "గీలీ పుచ్చీ". మూడో ఆదివారం "బధాయీ దో" పూర్తిగా, మలయాళం రెండిటి చివరి పది నిమిషాలు దొరికితే దానికి ముందే. ఆరు సన్నివేశాల మాటలు తెలుగులో రాస్తున్నాం, చదివి వినిపించడానికి ఒడియా మీడియం చెల్లెలే ఒప్పుకుంది, తన కాగితం ఒడియా లిపిలో రాసుకుంటోంది. గోపాలపూర్ గారూ, "తను నా మనిషి" ఒడియాలో ఎలా అంటే బాగుంటుందో మీరు చెబితే ఈ వారమే రాసేస్తుంది.